పాత చెట్లు, కొత్త అడవి

కెయిన్స్ ఊళ్లో ఏ టూరు ఆఫీసు ముందు ఆగినా కరపత్రాల మీద ఒకటే మాట: ప్రపంచంలోకెల్లా పాత వర్షారణ్యం. కొందరు ధైర్యం చేసి వయసు కూడా అచ్చేస్తారు, 18 కోట్ల ఏళ్లని. పువ్వు పూసి కాయ కాసే మొక్కల శిలాజాలు గట్టిగా దొరికేదే సుమారు 13 కోట్ల ఏళ్ల నాటి రాళ్ల నుంచి. ఈ అడవిలో కనిపించే చెట్లలో చాలా మటుకు పూల మొక్కలే. అంటే తన చెట్లు పుట్టకముందే అడవి పుట్టిందన్నమాట! గైడు మైకులో ఈ లెక్క చెబుతుంటే బస్సులో ఎవరూ అడ్డు తగలరు. సెలవుల్లో వచ్చినవాళ్లకు లెక్కలతో పనేమిటి? కానీ ఆ బస్సు రోజంతా తిరిగే దారిలోనే అసలు కథ ఉంది, రాళ్లలో, సరస్సు అడుగు బురదలో, చెట్ల ఊడల్లో. కరపత్రం కథ కంటే అదే బాగుంటుంది. ఇక్కడి చెట్ల వంశాలు నిజంగానే పాతవి. వాటితో ఏర్పడిన అడవి చాలాచోట్ల కొత్తది. ఎంత కొత్తదంటే, అది రాకముందు ఆ నేల ఎలా ఉండేదో చెప్పే మనుషుల కథ ఇప్పటికీ మిగిలి ఉంది.

కెయిన్స్ ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉంది. అక్కడికి ఉత్తరాన కుక్‌టౌన్ నుంచి దక్షిణాన టౌన్స్‌విల్ దాకా 450 కిలోమీటర్ల మేర, దాదాపు 9,000 చదరపు కిలోమీటర్ల అడవిని యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 'వెట్ ట్రాపిక్స్' అని దాని పేరు. ఆస్ట్రేలియా నేలలో ఇది 0.2 శాతం కూడా లేదు. ఆ దేశపు పక్షి జాతుల్లో 40 శాతం, సీతాకోకచిలుకల్లో 60 శాతం, ఫెర్న్‌లలో 65 శాతం మాత్రం ఇక్కడ దొరుకుతాయి. ఒక్క రోజులో దీని రుచి చూపించే టూర్లకు ఒక వాడుక దారి ఉంది. పొద్దున్నే గిల్లీస్ ఘాట్ ఎక్కి ఆథర్టన్ పీఠభూమి చేరడం, అక్కడి సరస్సులూ జలపాతాలూ చూసుకుని మధ్యాహ్నం తర్వాత ఇన్నిస్‌ఫెయిల్ వైపు దిగడం, కొండల పాదాల వెంట చెరకు తోటల మధ్యగా కెయిన్స్‌కు తిరిగి రావడం.

గిల్లీస్ ఘాట్ 19 కిలోమీటర్లు, 263 మలుపులు. కడుపులో తిప్పే రకమైతే ముందు సీట్లో కూర్చోవాలి. ఈ దారిలో ముందుగా కనిపించేది వర్షారణ్యం కాదు. గడ్డి మధ్య ఎడంఎడంగా నిలబడ్డ యూకలిప్టస్ చెట్లు. మనం జామాయిల్ తోటలుగా పెంచుకునే చెట్ల సొంత దేశం ఇదే. బస్సు పైకి వెళ్లాక ఏదో ఒక మలుపు దగ్గర అడవి ఒక్కసారిగా నల్లబడుతుంది. కొన్నిచోట్ల ఈ మార్పు కొద్దిపాటి దూరంలోనే జరిగిపోతుంది. వానతోపాటు నిప్పు కూడా ఆ గీతను గీస్తుంది. యూకలిప్టస్‌లలో చాలా జాతులు కాలినా మళ్లీ చిగురిస్తాయి, కాలిన నేల మీద వాటి విత్తనాలు బాగా మొలుస్తాయి. వర్షారణ్యపు చెట్లకు పలచటి బెరడు, నిప్పు తగిలితే అంతే. అయితే అవి దట్టంగా కమ్ముకుంటే కింద నీడా తేమా పెరిగి నిప్పు లోపలికి రాలేదు, యూకలిప్టస్ మొలకలకు ఎండా అందదు. వాన ఎక్కువైన కాలంలో ఒకరిది పైచేయి, తగ్గిన కాలంలో ఇంకొకరిది. రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు అది కదలని గీతలా కనిపిస్తుంది, అంతే.

ఘాట్ ఎక్కగానే బారీన్ సరస్సు. దాని ఒడ్డున రెండు కౌరీ పైన్ చెట్లు పక్కపక్కన నిలబడి ఉంటాయి, ఒక్కొక్కటి 45 మీటర్ల పొడవు, వెయ్యేళ్లు దాటిన వయసు. ఇవి పూలు పూయవు, పైన్ చెట్లలాగే కాయల్లాంటి శంకువులు కాస్తాయి. వీటి కుటుంబపు శిలాజాలు డైనోసార్ల కాలం నుంచీ ఉన్నాయి. ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒకే ఖండంగా ఉన్న రోజులవి, ఆ ఖండానికి గోండ్వానా అని పేరు. మన ఆదిలాబాద్ దాకా విస్తరించిన గోండుల నేల మీదుగా వచ్చిన పేరే. సింగరేణి బొగ్గు ఆ ఖండపు చిత్తడి అడవుల మిగులు. మన ముక్క త్వరగా విడిపోయి ఉత్తరానికి కొట్టుకుపోయింది. ఆస్ట్రేలియా అంటార్కిటికాను బాగా ఆలస్యంగా వదిలింది. అప్పుడు ఆస్ట్రేలియాలో చాలా భాగం తడి అడవే. తర్వాత కోట్ల ఏళ్లలో అది ఎండిపోతూ వచ్చింది, తడి అడవి తూర్పు తీరపు కొండలకు నెట్టుకుపోయింది. చెట్లు పాతవి అన్న మాటలో నిజం ఇదే.

ఇక అక్కడికి దగ్గర్లోని ఈచమ్ సరస్సు. లోతు 65 మీటర్లు, దాదాపు గుండ్రం, అంచు నుంచి నీటి దాకా అడవి. ఇందులోకి ఏ వాగూ రాదు, ఇందులోంచి ఏదీ పోదు. టూరు వాళ్లు ఇక్కడ ఈతకు దించుతారు. నీళ్లు చల్లగా, పచ్చని నీలంగా ఉంటాయి. ఈదుతున్నది అగ్నిపర్వతం నోట్లో. లావా పారి కట్టిన కొండ కాదిది. కింద నుంచి ఎగదన్నిన కరుగు రాయి భూగర్భ జలాన్ని తాకింది. కాగే నూనెలో నీటిచుక్క పడితే ఏమవుతుందో అదే, ఊహించలేనంత పెద్ద ఎత్తున. నీరంతా ఒక్క దెబ్బన ఆవిరై నేలను పేల్చి పారేసింది. ఆ గుంటలో వాన నీరు నిండి సరస్సయింది. బారీన్, ఈచమ్, కొంచెం అవతల ఉన్న యురమూ, మూడూ ఇలా పుట్టినవే. పుట్టి కనీసం 10,000 ఏళ్లు.

1960ల్లో రాబర్ట్ డిక్సన్ అనే భాషాశాస్త్రవేత్త ఈ ప్రాంతంలోని ఆదివాసుల భాష జిర్బల్‌ను నమోదు చేస్తూ తిరిగాడు. ఆ భాషలో ఙాజన్ మాండలికం మాట్లాడే పెద్దాయన ఒకరు అతనికి ఈ మూడు సరస్సుల పుట్టుక చెప్పాడు. అప్పుడే వయసొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు చేయకూడని పని చేశారు. ఇంద్రధనుస్సు పాముకు కోపం వచ్చింది. నేల కింద ఉరుములు వినిపించాయి, తుపాను గాలి వీచింది, ఎప్పుడూ చూడని ఎరుపు ఆకాశంలో కమ్మింది, విడిది చేసిన చోటు మెలితిరిగి పగిలి మనుషుల్ని మింగేసింది. అగ్నిపర్వతాల సంగతి తెలిసినవాళ్లకు ఈ వర్ణన చదివితే ఒళ్లు ఝల్లుమంటుంది. కథంతా చెప్పి పెద్దాయన ఇంకో ముక్క చేర్చాడు: అది జరిగినప్పుడు ఇక్కడ ఇంత అడవి లేదు, బయలు నేల, పలచటి తుప్పలే. డిక్సన్‌కు అది వింతగా తోచింది. చుట్టూ చూస్తే చూపు చొరనంత అడవి.

కొన్నేళ్లకు పీటర్ కెర్షా అనే వృక్ష చరిత్రకారుడు యురమూ సరస్సు అడుగున గొట్టం దించి బురద తీశాడు. ప్రతి ఏడూ చెట్ల నుంచి రాలిన పుప్పొడి సరస్సులో పడి, అడుగున పొరలు పొరలుగా చేరుతుంది. పుప్పొడి రేణువు పైపెంకు మహా గట్టిది. గాలి తగలని బురదలో వేల ఏళ్లు చెక్కుచెదరదు. ఒక్కో జాతి రేణువుది ఒక్కో ఆకారం, సూక్ష్మదర్శినిలో చూసి ఇది యూకలిప్టస్, ఇది ఫలానా వర్షారణ్యపు చెట్టు అని చెప్పవచ్చు. రేడియో కార్బన్‌తో ఏ పొర ఏ కాలానిదో తేల్చవచ్చు. కెర్షాకు తేలిన లెక్క: యురమూ చుట్టూ వర్షారణ్యం వచ్చి సుమారు 7,600 ఏళ్లే. అంతకు ముందు అక్కడ ఉన్నది యూకలిప్టస్ చెట్ల బయలు. పెద్దాయన చెప్పింది నిజమే. అడవి కంటే పాత వార్తను, రాత లేని మనుషులు తరం నుంచి తరానికి నోటితో మోసుకొచ్చారు. నాకు తెలిసినంతలో ప్రపంచంలో ఇంతటి దూరం నుంచి చేరిన సాక్ష్యాలు బహు కొద్ది. టూరు గైడ్లలో కొందరు ఈ కథ చెబుతారు, చాలామంది ఈతకు ఎంత టైముందో మాత్రం చెబుతారు.

అదే పీఠభూమి మీద లించ్స్ క్రేటర్ అనే పూడిపోయిన బిలంలో కెర్షా ఇంకా లోతుగా వెళ్లాడు. 2 లక్షల ఏళ్ల లెక్క అందింది. వర్షారణ్యం పెరగడం, తగ్గడం, మళ్లీ రావడం, ఎన్నోసార్లు. ఆఖరిసారి తగ్గినప్పుడు పొరల్లో బొగ్గు కూడా బాగా పెరిగింది. అది మనుషులు పెట్టిన నిప్పా, ఎండిన వాతావరణపు పనా అన్నది ఇంకా వాదన. ఇప్పుడు చిక్కటి అడవి ఉన్న నేలల్లో తవ్వినా యూకలిప్టస్ బొగ్గు దొరికిన చోట్లున్నాయి.

ఇంతగా తగ్గినప్పుడు ఆ పాత చెట్లన్నీ ఎక్కడ దాక్కున్నాయి? ఎంత కరువొచ్చినా వాన తప్పని కొండ వాలుల్లో, లోతైన లోయల్లో. అలాంటి చోట్లను చూపించే చెట్టు ఒకటుంది. 1902లో లుడ్విగ్ డీల్స్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త కెయిన్స్ దగ్గర ఒక వింత చెట్టు నమూనా సేకరించాడు. తర్వాత అతను చూసిన చోటు చెరకు తోట అయిపోయింది, చెట్టు అంతరించిందనుకున్నారు. 1971లో కెయిన్స్‌కు ఉత్తరాన ఉన్న డెయిన్‌ట్రీలో పశువులు చనిపోతే వాటి కడుపులో తెలియని విత్తనాలు కనిపించాయి. ఆ చెట్టే. శాస్త్రీయ నామం ఇడియోస్పర్మమ్. స్థానికులు 'ఇడియట్ ఫ్రూట్' అని ఎకసెక్కెంగా అంటారు. పూల మొక్కల్లో బాగా పాత శాఖకు చెందింది. మామూలు విత్తనానికి ఒకటో రెండో బీజదళాలు, దీనికి మూడు, నాలుగు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. విత్తనం గుప్పెడంత, విషం. దాన్ని దూరం మోసుకెళ్లే జంతువు ఇప్పుడు లేదు, వాలు మీద దొర్లడమే దాని ప్రయాణం. దొర్లే విత్తనం ఎక్కడికి పోతుంది? కాబట్టి ఈ చెట్టు ఇప్పుడు ఎక్కడ ఉందో, వాన తగ్గిపోయిన మంచు యుగంలో అడవి అక్కడే తలదాచుకుందని అనుకోవచ్చు.

మిగతా చెట్లు తిరిగి రాగలిగాయంటే మోసినవాళ్లు ఉండబట్టే. అందులో పెద్ద కూలీ కాసోవరీ. రెండు మీటర్ల దాకా ఎదిగే, ఎగరలేని పక్షి. నీలి మెడ, నెత్తిన కొమ్ములాంటి టోపీ, కాలికి బాకులాంటి గోరు. పండు నమలకుండా మింగుతుంది. పేగు చిన్నది కావడంతో గింజ చెక్కుచెదరకుండా బయటపడుతుంది. డెయిన్‌ట్రీలో రైపరోసా అనే అరుదైన చెట్టు గింజల్ని పరిశీలిస్తే, మామూలుగా రాలిన పండ్లలో 4 శాతం మొలిస్తే, కాసోవరీ కడుపులోంచి వచ్చినవి 92 శాతం మొలిచాయి. గుజ్జు పోవడంతో ఈగ పురుగుల బెడదా పోతుంది. ఈ పక్షుల్లో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని నెలల తరబడి వెంటేసుకుని తిప్పేదీ మగది. రోడ్డు పక్కన కనిపిస్తే బస్సు దిగకూడదు, అరటిపండు విసరకూడదు. మనిషి చేతి తిండి మరిగిన కాసోవరీ కార్ల కిందే పోతుంది.

యుంగబరా ఊరి దగ్గర ఉన్న 'కర్టెన్ ఫిగ్' చూడ్డానికి చెక్క నడకదారి వేశారు. ఫైకస్ వైరెన్స్, అంటే మన జువ్వి చెట్టు. తెలుగు నేల మీద గుళ్ల దగ్గర, బాటల పక్కన గుబురుగా నిలబడే జువ్వే ఇక్కడ వేరే అవతారం ఎత్తింది. పక్షి రెట్టలో పడిన గింజ ఎత్తైన చెట్టు కొమ్మ మీద మొలిచింది. వేళ్లు కిందికి దింపి నేల పట్టుకుంది, ఆ వేళ్లే లావెక్కి మోసే చెట్టును బిగించాయి. తాటిచెట్టును మర్రో రావో కరుచుకోవడం చూసిన మనకు ఇంతవరకు కొత్తేం లేదు. ఇక్కడ మాత్రం బిగిసిన చెట్టు ఒరిగి పక్క చెట్టు మీద వాలింది. ఏటవాలుగా ఆగిన ఆ మాను నుంచి జువ్వి వేళ్లు తిన్నగా నేలకు దిగుతూ, 15 మీటర్ల ఎత్తు తెరగా అయ్యాయి. లోపలి చెట్లు కుళ్లిపోయి ఎప్పుడో పోయాయి. చెట్టు ఎత్తు 50 మీటర్లకు దగ్గర, చుట్టుకొలత 39 మీటర్లు, వయసు 500 ఏళ్లకు పైనే.

ఆ తెర చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు గానీ, దాని చుట్టూ ఉన్న చిన్న అడవి ముక్కే నిజానికి అరుదైనది. 'మాబీ' అడవి అంటారు. మాబీ అంటే ఇక్కడి చెట్టు కంగారూకు ఆదివాసుల పేరు. బసాల్ట్ రాయి చివికి ఏర్పడ్డ ఎర్రమట్టి మీద మాత్రమే పెరిగే రకం అడవి ఇది. ఆ మట్టి వ్యవసాయానికి మహా బాగుంటుంది, అదే దానికి శాపమైంది. 1880ల్లో 'రెడ్ సీడర్' కలప కోసం వచ్చినవాళ్లు (మన దేశంలో తూన్ అనే చెట్టే) దారి తెరిచారు. చీనా రైతులు కౌలుకు తీసుకుని మొక్కజొన్న పండించారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ భూములు తిరిగొచ్చిన సైనికులకు ఇచ్చేశారు. తర్వాత పాడి. ఇప్పుడు మాబీ అడవి సుమారు 1,000 హెక్టార్లు, అదీ చెదురుమదురుగా.

దక్షిణంగా మిల్లా మిల్లా ఊరి చుట్టూ 17 కిలోమీటర్ల రోడ్డు మీద మూడు జలపాతాలున్నాయి: మిల్లా మిల్లా, జిల్లీ, ఎలింజా. మొదటిది 18 మీటర్ల ఎత్తు నుంచి ఒకే తెరగా పడుతుంది. షాంపూ ప్రకటనల్లో కనబడేంత అందమైనది కాబట్టి అక్కడ జుట్టు తడిపి వెనక్కి విదిలిస్తూ ఫొటో దిగేవాళ్లతో కొలను ఎప్పుడూ నిండే ఉంటుంది. నీళ్లను వదిలి వెనకాల రాతిని చూడండి: నిలువు స్తంభాలు. ఇక్కడ లావా పాత లోయల్లోకి పారి గడ్డకట్టింది. చల్లారేటప్పుడు రాయి కుంచించుకుంటుంది. పైనుంచీ కిందనుంచీ చల్లదనం లోపలికి పాకేకొద్దీ ఆ బిగువుకు పగుళ్లు తిన్నగా దిగుతాయి, మధ్యలో అయిదారు పలకల కంబాలు మిగులుతాయి. వాగు ఆ లావా పొర అంచు దాటి దూకుతుంది. కింద మడుగులో సుడి తిరిగే నీరు అడుగును తొలుస్తుంది, ఆధారం పోయిన కంబాలు పగుళ్ల వెంట విరిగి పడతాయి. అందుకే జలపాతం నిటారుగానే ఉంటూ, మెల్లగా వెనక్కి జరుగుతుంది. జిల్లీ దగ్గర పడిపోయిన రాళ్లు ఎక్కువ, మెట్లు జారుడు, జనం తక్కువ. నన్నడిగితే అదే బాగుంటుంది.

నడకదారిలో గైడు పదేపదే చెప్పే మాట చేతులు దగ్గర పెట్టుకోమని. చెట్టు కూలి వెలుతురు పడ్డ చోట, దారి అంచుల్లో, గుండెకాయ ఆకారపు పెద్ద ఆకులతో ఒక పొద పెరుగుతుంది, గింపీ గింపీ. ఆకు మీద నూగు కనిపించి మెత్తగా ఉంటుందనుకుంటారు. అది గాజు లాంటి సిలికా సూదుల నూగు. మన దురదగొండి దురద పెట్టి కాసేపటికి వదిలేస్తుంది. ఇది గుచ్చుకుంటే నొప్పి రోజులు, వారాలు, కొందరికి నెలలు. ఆ విషం నిర్మాణం సాలీడు, శంకు నత్తల విషాన్ని పోలి ఉందని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో కనుక్కున్నారు. ఇంకొకటి బెత్తం తీగ. మన బడుల్లో వీపు మీద ఆడిన బెత్తానికి సొంత జాతి. కొక్కేల ముళ్లతో చొక్కా పట్టుకుంటే ముందుకు లాగకూడదు, వెనక్కి అడుగేసి విడిపించుకోవాలి. అక్కడివాళ్లు దానికి 'వెయిట్ ఎ వైల్' అని పేరు పెట్టారు.

పామర్‌స్టన్ రోడ్డు దిగితే ఇన్నిస్‌ఫెయిల్. 2006లో లారీ తుపాను నేరుగా ఈ ఊరి మీద పడింది. ఆ దేశపు అరటి పంటలో అత్యధిక భాగం ఒక్క పూటలో నేలకొరిగింది. అడవిలో ఆకు మిగల్లేదు. కానీ చాలా మానులు విరిగిన మొండెం నుంచే చిగురించాయి. ఇక్కడి నుంచి ఉత్తరంగా జోసెఫీన్ జలపాతం, క్వీన్స్‌లాండ్‌లోకెల్లా ఎత్తైన బార్ట్ల్ ఫ్రీర్ శిఖరం (1,622 మీటర్లు) కాళ్ల దగ్గర. పైన చూసిన బసాల్ట్ అయిపోయింది, ఇది గ్రానైట్. కంబాలుండవు, నునుపైన బండలే. పిల్లలు వాటి మీద జారుతూ నీళ్లలో పడతారు. దీన్ని నమ్మకూడదు. కింద ఎండ కాస్తున్నా శిఖరం మీద కుండపోత కురిస్తే వాగు నిమిషాల్లో పొంగుతుంది. పై కొలనుల్లోకి వెళ్లడం నిషేధించారు, చనిపోయినవాళ్లున్నారు.

ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలికి ఈ కొండలు అడ్డంగా నిలబడ్డాయి. గాలి పైకెక్కి చల్లబడి, మోసుకొచ్చిందంతా కుమ్మరిస్తుంది. పక్కనున్న బెలెండెన్ కెర్ శిఖరం మీద సాలీనా సగటు 8,000 మిల్లీమీటర్ల పైమాటే. 2000లో 12,461 పడింది. హైదరాబాద్‌కు దాదాపు 15 ఏళ్ల వాన. అదే గాలి కొండ దాటి మరీబా ఊరు చేరేసరికి ఏడాదికి 1,000 మిల్లీమీటర్లు కూడా ఇవ్వదు. టల్లీ ఊళ్లో వాన బూటు ఆకారపు 7.9 మీటర్ల బొమ్మ కట్టారు, 1950లో ఆ ఊళ్లో కురిసిన వాన ఎత్తు ఎంతో చూపించడానికి. వాన పడని రోజు కూడా కొండ మీది చెట్లు మబ్బును ఆకులతో పట్టి నీరు చేసుకుంటాయి.

అడవి ఇప్పుడు మళ్లీ కదలాల్సిన స్థితి వచ్చింది, ఈసారి వేడి వల్ల. పైకొండల్లో బతికే ఉంగరం తోక పోసమ్‌లనే చెట్ల జంతువులు 29 డిగ్రీలు దాటి చాలాసేపు తట్టుకోలేవు. 2018 నవంబరులో వేడి 42 డిగ్రీలు దాటినప్పుడు కళ్లద్దాల గబ్బిలాలు సుమారు 23,000 చనిపోయాయి. ఆస్ట్రేలియాలో ఉన్న ఆ జాతిలో అది మూడో వంతు. వాటి పని కూడా గింజలు మోయడమే. మంచు యుగం తర్వాత అడవి తిరిగి వచ్చినప్పుడు దారిలో పశువుల బయళ్లు, చెరకు తోటలు, తారు రోడ్లు లేవు.

ఇప్పుడున్న ఆ అడ్డంకులకు విరుగుడుగా కొందరు చేస్తున్న పని పీఠభూమి మీదే ఉంది. స్థానికులు 1982లో పెట్టుకున్న 'ట్రీట్' అనే సంస్థ వాళ్లు నర్సరీలో అడవి మొక్కలు పెంచి, తెగిపోయిన అడవి ముక్కల్ని కలుపుతున్నారు. బారీన్ సరస్సు అడవికీ పక్కనున్న గాడ్గారా అడవికీ మధ్య పశువుల బీడు ఉండేది. 1990ల్లో అక్కడి వాగు వెంట 1.2 కిలోమీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున చెట్లు నాటారు. డోనాహీ కారిడార్ అంటారు. భూమి సొంతదారులైన రైతులే ఒప్పుకుని, పశువులకు నీళ్ల తొట్టెలు వేరే చోట కట్టించుకున్నారు. కొన్నేళ్లలోనే ఎవరూ నాటని జాతులు దాంట్లో మొలిచాయి, పక్షులు వేసిన గింజల నుంచి. అడవి ఎలుకలు అటూ ఇటూ రాకపోకలు మొదలుపెట్టాయి. టూరు బస్సులు అక్కడ ఆగవు. బారీన్‌లో టీ, కేకు తినడానికి ఇచ్చే టైములో సగం దానికిస్తే సరిపోయేది.